మూడో దశ ఫలితాలు రాకముందే కోవాగ్జిన్‌కు అనుమతి: తొందరపాటా, తప్పనిసరా?

తుంగభద్ర:
2021 జనవరి 3న ఔషధ నియంత్రణాధికారి వి.జి. సోమానీ కోవిషీల్డ్, కోవాగ్జిన్ అనే రెండు కోవిడ్ టీకాలకు ఒకేసారి అనుమతి ప్రకటించారు. కోవిషీల్డ్‌కు విదేశాల్లోనైనా మూడో దశ, అంటే వేలమంది మీద చేసే చివరి ప్రయోగం ఫలితాలు ఉన్నాయి. కోవాగ్జిన్‌కు అప్పటికి లేవు. అందుకే దానికి ‘క్లినికల్ ప్రయోగ పద్ధతిలో’ అని ఒక తోక తగిలించారు. పైగా ఈ టీకాలు 110 శాతం సురక్షితమన్నారు. నూటికి నూరన్నా ఊరుకునేవాణ్ణి, ఆ పైన పది ఎక్కడినుంచి వచ్చింది? టీకా మంచిదా చెడ్డదా అన్నది కాదు నా గొడవ. ఇంకా తేలని సంగతిని తేలిపోయినట్టు చెప్పారు, అదే తప్పు.

శామీర్‌పేట:
తుంగభద్ర గారూ, సగమే చెప్పారు. అనుమతినాటికి మొదటి రెండు దశల్లో సుమారు 800 మందికి, మూడో దశలో 22,500 మందికి టీకా ప్రయోగం జరిగింది. తేలనిది భద్రత కాదు, ఎంతమేరకు కాపాడుతుందన్న లెక్క. చంపిన వైరస్‌తో చేసే టీకా ఇది. కుక్క కరిస్తే మనం వేయించుకునేదీ ఆ కోవలోదే. మార్చిలో మధ్యంతర ఫలితం 81 శాతమని వచ్చింది, చివరికి 77.8 దగ్గర నిలిచింది. నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. ఇల్లు కాలుతుంటే బిందెలో నీళ్లు ఏ బావివని అడుగుతూ కూర్చోలేం.

తుంగభద్ర:
జనవరిలో ఇల్లు కాలుతోందా? సెప్టెంబరులో రోజుకు 90 వేలు దాటిన కేసులు అప్పటికి 20 వేల అటూ ఇటూకు దిగాయి. మరో రెండు నెలలు ఆగితే మీరు చెప్పిన 81 శాతం చేతికి వచ్చేది. కళ్లు మూసుకుని రోడ్డు దాటినవాడు అవతలికి క్షేమంగా చేరాడు కాబట్టి అలా దాటడమే సరైనదంటారా? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఫలితాలు వచ్చేదాకా కోవాగ్జిన్ వద్దంటే రాజకీయమని ఎగతాళి చేశారు. రాజకీయం ఉండే ఉంటుంది. అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

గణకుడు:
కేసులు తగ్గాయి కాబట్టి తొందర లేదన్న మాట దగ్గర నేను ఆగుతాను. ఆ మాటే అప్పుడు అందరినీ ముంచింది. 2020 అక్టోబరులో కేంద్రం నియమించిన గణిత నిపుణుల కమిటీ (అధ్యక్షులు మన ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు విద్యాసాగర్) దేశంలో సుమారు 30 శాతం మందికి యాంటీబాడీలు వచ్చి ఉంటాయని, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరికల్లా వ్యాధి అదుపులోకి వస్తుందని అంచనా వేసింది. ఢిల్లీలో జనవరిలో జరిగిన సీరో సర్వేలో (రక్తపరీక్షల సర్వేలో) 56 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. ఇక సామూహిక రోగనిరోధకత వచ్చేసినట్టేనని సంబరపడ్డారు. ఏప్రిల్ 20న అదే ఢిల్లీలో ఒక్కరోజే 28 వేల కేసులు.

లెక్క తప్పు కాదు, లెక్కలోకి ఎక్కించిన ఊహలు తప్పు. ఒకరి నుంచి ఇద్దరు ముగ్గురికి సోకే వ్యాధి, జనంలో 60 శాతం మందికి రక్షణ వచ్చేసరికి ఆగాలని సామూహిక రోగనిరోధకత సూత్రం చెబుతుంది. ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి పాకే తట్టుకు 95 శాతం దాకా కావాలి. అయితే వైరస్ మారదని, వచ్చిన రక్షణ తరిగిపోదని, అందరూ అందరితో సమానంగా కలుస్తారని ఆ సూత్రం నమ్ముతుంది. డెల్టా అనే మారిన వైరస్ వచ్చి ఆ నమ్మకాలను తిరగేసింది.

అదే అక్టోబరులో అమెరికాలో గ్రేట్ బారింగ్టన్ ప్రకటన వచ్చింది. రాసిన ముగ్గురిలో ఒకరు కోల్‌కతాలో పుట్టిన సునేత్రా గుప్తా. వృద్ధులను విడిగా కాపాడి మిగతావాళ్లను మామూలుగా తిరగనివ్వాలన్నారు. రెండు గదుల ఇంట్లో నానమ్మ పక్కనే మనవడు పడుకునే చోట ఆ ‘విడిగా’ ఎక్కడ? కానీ లాక్‌డౌన్ పేదలను నలిపిందన్న వాళ్ల మాటను కొట్టిపారేయలేను. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి, అర్ధరాత్రికి దేశం మూసేశారు. ఆ తర్వాత రోడ్ల వెంట నడిచినవాళ్లను మనమంతా చూశాం.

భద్రాద్రి:
మా వైపు టీకా అనగానే అనుమానం ఎందుకో హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు తెలియదు. 2009లో మా ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఒకరు నీటిలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియాతో పోయారు. మిగతా ఇద్దరి విషయం అంత స్పష్టంగా తేలలేదు. మరి తప్పు ఎక్కడ దొరికింది? అంగీకార పత్రాల్లో. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. కన్నవాళ్లకు కబురే లేదు. ఆ టీకా మంచిదేనని ఇప్పుడు నేనూ నమ్ముతాను. మా వాళ్లకు ఎలా చెప్పమంటారు?

శామీర్‌పేట:
భద్రాద్రి గారి మాట కాదనను. కానీ ‘మూడో దశ అయ్యేదాకా ఆగితే అంతా తేలేది’ అన్నవారికి ఒక ప్రశ్న. మూడో దశ పూర్తయిన కోవిషీల్డ్ సంగతే చూడండి. దాని అరుదైన రక్తపు గడ్డల సమస్య కోట్ల డోసులు వేశాకే బయటపడింది. డెన్మార్క్ ఆ టీకాను పూర్తిగా ఆపేసింది, బ్రిటన్ చిన్న వయసువాళ్లకు వేరే టీకా ఇచ్చింది. టీకా దుష్ప్రభావాలను పరిశీలించే మన కమిటీ 2021 మేలో ఇలాంటి 26 కేసులు చూపింది, అంటే పది లక్షల డోసులకు 0.61. కోవాగ్జిన్ మూడో దశలో ఉన్నది మొత్తం 25,800 మంది. పది లక్షలకు ఒకటి అందులో ఎలా దొరుకుతుంది? 2022 మే 2న సుప్రీంకోర్టు కూడా అనుమతులు తొందరపాటుతో ఇచ్చారన్న వాదనను ఒప్పుకోలేదు.

తుంగభద్ర:
అదే తీర్పులో ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, దుష్ప్రభావాల వివరాలు ప్రజల ముందు పెట్టాలని కూడా ఉంది. నన్ను సగమే చెప్పానన్నారు, ఇప్పుడు మీరూ సగం దగ్గరే ఆగారు. గడ్డల ఉదాహరణ నా వైపే సాక్ష్యం. ముందు దొరకనిది తర్వాతైనా దొరకాలంటే వేసిన చోట కనిపెట్టి చూసేవాళ్లు ఉండాలి. పది లక్షలకు బ్రిటన్‌లో 4, జర్మనీలో 10 కనిపించాయని మన ఆరోగ్య శాఖే చెప్పింది. మన రక్తం వేరు కావచ్చు. వెతకడమూ వేరు కావచ్చు.

పాత ఏఎన్‌ఎం:
అన్నీ చదివాను. జనవరి 16న మొదలైనప్పుడు టేబుల్ దగ్గర నేనున్నాను. మా కేంద్రానికి కోవాగ్జిన్ వచ్చింది. ఏది కావాలని ఎవరినీ అడగలేదు, మమ్మల్నీ అడగలేదు. వచ్చినవాళ్ల చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించాలి. వాళ్లూ మా సిబ్బందే. నాలుగో మనిషికల్లా వేలు పెట్టి ‘ఇక్కడ పెట్టమ్మా’ అనడం అలవాటైపోయింది. నేనూ చదవకుండానే పెట్టాను. వేసుకున్నందుకు చింత లేదు, ఏప్రిల్‌లో మా వార్డుల్లో ఏం జరిగిందో చూసినదాన్ని. ఒక్కటి అడుగుతాను. ఇంతసేపు వాదించిన మీలో కోవాగ్జిన్ వేసుకున్న ఎవరి దగ్గరైనా ఆ పత్రం ప్రతి ఉందా? అందులో ఏం రాశారో ఇప్పుడైనా చదవాలని ఉంది.

శామీర్‌పేట:
లేదమ్మా. సర్టిఫికెట్ మాత్రం ఉంది, లామినేషన్ చేయించాను.