ఇంటర్వ్యూకి జవాబులు ముందే సిద్ధం చేసుకోవడం తప్పా?
(మారుపేర్లతో నలుగురి మధ్య సాగిన చర్చ)

తొలి అడుగు:
నిన్నటి ఇంటర్వ్యూలో "సహోద్యోగితో విభేదం వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి" అన్నారు. రాసుకుని కంఠస్థం చేసిన జవాబు ఉంది కాబట్టి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అడిగిన ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఆ రోజు ఆయన మీతో అన్న మొదటి మాట ఏమిటి?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. అది నిజంగా జరిగిన సంగతే. అయినా అబద్ధమాడి దొరికిపోయినవాడిలా కూర్చున్నాను. ముందే సిద్ధం చేసుకోవడమే తప్పా?

నిదానం:
తప్పే అంటాను. నిన్న ఎలా నడుచుకున్నారో తెలిస్తే రేపు ఎలా నడుచుకుంటారో అంచనా వేయవచ్చన్న నమ్మకం మీదే ఇలాంటి ప్రశ్నలు అడుగుతారు. వల్లె వేసిన పాఠం విని ఏమి అంచనా వేయాలి? సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అంటూ అందరూ స్టార్ పద్ధతి మూసలో పోసుకొస్తే మనిషికీ మనిషికీ తేడా ఎక్కడ తెలుస్తుంది? 2007లో లెవాషినా, క్యాంపియన్ ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న డిగ్రీ విద్యార్థుల్లో 90 శాతానికి పైగా ఇంటర్వ్యూలో ఏదో ఒక మేరకు నటించామని ఒప్పుకున్నారు. సిద్ధపడటం అని మనం పిలుస్తున్నది చాలాసార్లు అదే.

ఎదుటి కుర్చీ:
నిదానం గారూ, ఆ అధ్యయనంలో మిగతా సగం కూడా చెప్పాలి. చిన్నపాటి మెరుగులు దిద్దుకోవడం కూడా ఆ 90లో కలిసి ఉంది. అబద్ధానికి దగ్గరగా వెళ్లినవారు, నటన రకాన్ని బట్టి, 28 నుంచి 75 శాతం. అదీ తక్కువేమీ కాదు. అయితే "ఇలా జరిగితే ఏమి చేస్తారు" అన్న ప్రశ్నల కంటే "అప్పుడు ఏమి చేశారు" అన్న ప్రశ్నల దగ్గర నటన తగ్గిందని కూడా అందులోనే ఉంది.

నేను ఎనిమిదేళ్లుగా ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. ఏమీ సిద్ధం కాకుండా వచ్చినవారు నిజం చెబుతారనుకోవడం పొరపాటు. పిలిచిన వెంటనే జ్ఞాపకం వచ్చి నిలబడదు. గాభరాలో "నేను సాధారణంగా అందరితో సర్దుకుపోతానండీ" అంటారు. అందులో జరిగిన సంఘటన ఏదీ లేదు కాబట్టి మార్కుల పత్రంలో నేను రాయగలిగిందీ ఏమీ ఉండదు.

సిద్ధం చేసుకోవలసింది సంఘటనలను. వాక్యాలను కాదు. ఆరేడు సంఘటనలు చాలు. ఒక్కొక్కదాని కింద ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏమన్నారు, మీరు ఎక్కడ తడబడ్డారు, చివరికి ఏమి మారింది అని పొడి మాటల్లో రాసుకోండి. అంతకుమించి రాయవద్దు. వాక్యాలు రాస్తే అవే గుర్తుంటాయి, జరిగింది వెనక్కి పోతుంది.

ఒకసారి గోదాము ఉద్యోగానికి వచ్చిన ఒకామె "సరుకు లెక్కలో 40 పెట్టెల తేడా వస్తే మేము సరిచేశాం" అని ఊరుకుంది. "అందులో మీరు చేసింది ఏమిటి?" అని అడిగాను. అందరూ కంప్యూటర్‌దే తప్పు అంటుంటే తను నిచ్చెన వేసుకుని పై అర దాకా ఎక్కిందట. రెండు వరుసలకు ఒకే నంబరు చీటీ అంటించి ఉండటం చూసిందట. ఇంత పని "మేము" అన్న ఒక్క మాట చాటున ఉండిపోయింది.

వెనుక బెంచీ:
నా బాధ కూడా అదేనండీ. మీరు అడగకపోయి ఉంటే ఆమెకు ఉద్యోగం పోయేది కదా? తన గొప్ప తాను చెప్పుకోకూడదని నమ్మే మనిషి పని చేయలేనిదా? ఈ ప్రశ్నలు కథ చెప్పే నేర్పును కొలుస్తాయి. చదువు ఇప్పుడే ముగించినవారు, ఇంటి బాధ్యతల వల్ల కొన్నేళ్లు ఉద్యోగానికి దూరమైనవారు ఏ సంఘటనలు చెప్పాలి?

ఎదుటి కుర్చీ:
మీ మొదటి మాట నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూకీ, తర్వాతి పనితీరుకీ ఉన్న సంబంధాన్ని సాకెట్ అనే పరిశోధకుడి బృందం 2022లో 0.42గా లెక్కగట్టింది. తోచినట్టు అడిగే ఇంటర్వ్యూలకు అది 0.19 మాత్రమే. 1 అంటే సంపూర్ణ సంబంధం కాబట్టి 0.42 గొప్ప సంఖ్యేమీ కాదు. కానీ ఈ ప్రశ్నలు తీసేస్తే మిగిలేది ముచ్చట్లే. అక్కడ నెమ్మదస్తులకు ఇంకా అన్యాయం జరుగుతుంది.

రెండోదానికి వస్తే, ఉద్యోగంలో జరిగిందే చెప్పాలన్న నియమం లేదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసినప్పుడు మందుల వేళలు, ఆసుపత్రి ఖర్చులు, అలిగిన బంధువులు, అన్నిటినీ ఒక్కచేత్తో నడిపిన మనిషి చెప్పేది నేను శ్రద్ధగా వింటాను.

నిదానం:
పొడి మాటల కాగితం వరకైతే ఒప్పుకుంటాను. అద్దం ముందు నిలబడి పదిసార్లు చెప్పుకోవడం మాత్రం ఇప్పటికీ తప్పే అంటాను.

తొలి అడుగు:
రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. ఆయన అన్న మొదటి మాట గుర్తొచ్చింది: "ఈ ఫైలు నువ్వేమైనా తెరిచావా?" నా జవాబులో దాన్ని "సమాచార లోపం" అని రాసుకున్నాను. నిజానికి ఆయన చేసిన మార్పుల మీద నా పాత ప్రతిని సేవ్ చేసి వాటిని చెరిపేసింది నేనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు నా జవాబులో ఎక్కడా లేవు. శుక్రవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఇది చెబితే మార్కులు పోతాయా?

ఎదుటి కుర్చీ:
చెప్పండి. మూడో రోజు ఆయన దగ్గరికి వెళ్లి ఏమన్నారో కూడా గుర్తు చేసుకుని వెళ్లండి. నేనైతే తర్వాత అడిగేది అదే.