తుపాకుల సర్వేలో రైఫిల్ ప్రశ్న ఎలా రాయాలి?

టెక్సస్‌లో మా ఊరి తెలుగు తల్లిదండ్రుల కోసం తుపాకీ చట్టాల మీద చిన్న సర్వే తయారుచేస్తున్నాను. ఏ మాట వాడినా ఎవరో ఒకరు నొచ్చుకుంటున్నారు.

మొదట "గన్ కంట్రోల్ కావాలా?" అని రాశాను. అమెరికా రాజ్యాంగంలో 1791 నుంచీ ఉన్న రెండో సవరణ హక్కును, అంటే తుపాకీ ఉంచుకునే హక్కును, లాక్కునేలా ఉందని కొందరన్నారు. "గన్ సేఫ్టీ" అని మారిస్తే, సేఫ్టీ వద్దని ఎవరంటారు, జవాబు ప్రశ్నలోనే పెట్టేశారన్నారు. అది న్యాయమైన మాటే.

పేర్లు తీసేసి విషయం వివరిస్తే కొంత నయం. "లైసెన్సు ఉన్న డీలరు కాకుండా మామూలు వ్యక్తి తుపాకీ అమ్మినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి చేయాలా?" అన్నదానికి పేచీ రాలేదు.

ఏఆర్-15 లాంటి రైఫిళ్ల అమ్మకం నిషేధించాలా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. "అసాల్ట్ వెపన్" అనే మాట 1994 నుంచి 2004 దాకా అమల్లో ఉన్న ఫెడరల్ నిషేధంలోనే ఉంది. అయినా తుపాకులు ఉన్నవాళ్లు ఆ మాట ఒప్పుకోరు, ఈ రైఫిల్ సైన్యం వాడే ఆటోమేటిక్ కాదంటారు. వాళ్లు చెప్పే "స్పోర్టింగ్ రైఫిల్" రాస్తే, పిల్లల్ని స్కూలుకి పంపి టెన్షన్ పడే తల్లులకు కోపం వస్తోంది, రావడం సహజం కూడా. "ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గుండు పేలే, మేగజీన్ మార్చుకోగల రైఫిల్" అని రాసి చూశాను. తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్లకు అది ఏంటో అర్థం కాలేదు.

ఈ ప్రశ్నను, రెండు వైపులవాళ్లూ న్యాయంగా ఉందనేలా మీరైతే ఏ మాటలతో రాస్తారు?