నెల్సన్ కంటే 10 ఏళ్లు పెద్దవాడైన కాలింగ్‌వుడ్ హోదాలో ఎందుకు వెనుకబడ్డాడు?

ప్రశ్న:
తెరచాప ఓడల కాలం నాటి బ్రిటిష్ నౌకాదళం గురించి చదువుతున్నాను. కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ 1748లోనూ, హొరేషియో నెల్సన్ 1758లోనూ పుట్టారు. ఇద్దరూ 12 ఏళ్ల ప్రాయంలోనే ఓడ ఎక్కారు. అయినా 1805లో ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో ఆజ్ఞ ఇచ్చింది చిన్నవాడు, అందుకొన్నది పెద్దవాడు. దీనికి కారణం ప్రతిభలో తేడాయేనా, లేక పదోన్నతుల పద్ధతే అలా ఉండేదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
పద్ధతే కారణమని నా అభిప్రాయం. పోస్ట్ కెప్టెన్ (పెద్ద యుద్ధనౌకను నడిపే పూర్తిస్థాయి కెప్టెన్) అయ్యేదాకా పెద్దల అండ ఉన్నవాడు ముందుకు పోయేవాడు. అయిన తరువాత మాత్రం నియామక తేదీ ఒక్కటే లెక్క. సైన్యంలో మాదిరిగా పదవిని డబ్బిచ్చి కొనుక్కొనే వీలు ఇక్కడ లేదు. ఆరేళ్లు సముద్రం మీద పనిచేసి, కెప్టెన్ల ఎదుట మౌఖిక పరీక్షలో నెగ్గితేనే అధికారి హోదాలో మొదటి మెట్టయిన లెఫ్టినెంట్ పదవికి అర్హత వచ్చేది. దానికి 20 ఏళ్లు నిండాలన్నది నియమం. 1777లో నెల్సన్ పరీక్షకు వెళ్లేనాటికి అతడికి 18 ఏళ్లే. పరీక్షించినవారిలో నౌకాదళ కంప్ట్రోలర్‌గా (నౌకాదళ పాలనా మండలి పెద్దగా) ఉన్న సొంత మేనమామ మారిస్ సక్లింగ్ ఒకడు. కాలింగ్‌వుడ్ న్యూకాసిల్ వర్తకుడి కొడుకు. 1775లో, అమెరికా స్వాతంత్ర్య పోరులోని బంకర్ హిల్ యుద్ధం జరిగిన రోజున లెఫ్టినెంట్ కావడానికి అతడికి 14 ఏళ్లు పట్టింది.

రెండవ సమాధానం:
పై వివరణకు ఒక్క మాట చేర్చాలి. లెఫ్టినెంట్‌గా చూస్తే కాలింగ్‌వుడ్డే రెండేళ్లు సీనియర్. నెల్సన్ అతణ్ణి దాటింది జమైకాలో, అడ్మిరల్ పీటర్ పార్కర్ ఆదరణతో. నెల్సన్ పైకి వెళ్తూ ఖాళీ చేసిన లోస్టాఫ్, బ్యాడ్జర్, హించిన్‌బ్రూక్ ఓడల్లోకి వరుసగా కాలింగ్‌వుడ్ వచ్చాడు. నెల్సన్ 1779 జూన్‌లో పోస్ట్ కెప్టెన్ అయితే, ఇతడు 1780 మార్చిలో అయ్యాడు. అదీ ఎటువంటి ఓడలో! నికరాగ్వాలోని సాన్ హువాన్ నది ముఖద్వారం దగ్గర జ్వరాలు చుట్టుముట్టి, నాలుగు నెలల్లో 200 మంది సిబ్బందిలో 180 మందిని పూడ్చిపెట్టానని కాలింగ్‌వుడ్డే రాసుకొన్నాడు. ఇద్దరి మధ్య తేడా 9 నెలలే అయినా, నియామక తేదీల వరుసలో ఉండే కెప్టెన్ల జాబితాలో పైనున్నవారిని దాటే దారి లేదు. అడ్మిరల్ పదోన్నతులు జట్లుజట్లుగా ఇచ్చేవారు కాబట్టి ఆ 9 నెలలే పెరిగి రెండేళ్లయ్యాయి: నెల్సన్ 1797లో, కాలింగ్‌వుడ్ 1799లో రియర్ అడ్మిరల్ (అడ్మిరల్ హోదాల్లో మొదటిది) అయ్యారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రఫాల్గర్ తరువాత కాలింగ్‌వుడ్ ఏమయ్యాడు?

రెండవ సమాధానం రాసినవారు:
నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ భాగమే. నెల్సన్ మరణంతో మధ్యధరా నౌకాదళ భారమంతా అతడి మీద పడింది. ఇంగ్లండ్‌లో మోర్పెత్ అనే ఊళ్లోని తన ఇంట్లో ఉన్న కాలంలో, రేపటి ఓడలకు కలప కావాలని జేబులో ఓక్ గింజలు వేసుకొని నడిచినచోటల్లా నాటేవాడు. 1803 తరువాత ఆ ఇంటిని మళ్లీ చూడలేదు. ఆరోగ్యం చెడి సెలవు అడిగినా చాలాకాలం పంపలేదు. చివరికి 1810 మార్చి 7న, స్వదేశానికి బయలుదేరిన ఓడలోనే కన్నుమూశాడు.