హౌరా–చెన్నై బళ్ళు విశాఖ స్టేషన్లోకి రావాలా, దువ్వాడ మీదుగా పోవాలా?

మర్రిపాలెం_యార్డు:
హౌరా వైపు నుంచి చెన్నై, బెంగళూరు పోయే బళ్ళు విశాఖలో దిశ మార్చుకోవాలి. ఇంజను ఒక కొసన విప్పి రెండో కొసన తగిలిస్తారు. అందుకు ఇరవై నిమిషాలు. ఉత్తర సింహాచలం నుంచి గోపాలపట్నానికి బైపాస్ లైను ఉండనే ఉంది. దాని మీద పోతే ఊళ్ళోకి రాకుండా దువ్వాడలో రెండు నిమిషాలు ఆగి వెళ్ళిపోవచ్చు. ఉన్నవే ఎనిమిది ప్లాట్‌ఫారాలు. ఇక్కడ బయల్దేరే బళ్ళకే చోటు చాలదు. దారిన పోయేవాటికి ఇరవయ్యేసి నిమిషాలు ఎందుకు? దూరపు బళ్ళన్నీ బైపాస్‌కి మార్చాలని నా మాట.

జ్ఞానాపురం_గేటు:
అసలు తప్పు స్టేషను కట్టినవాళ్ళది. ముందుచూపు లేదు.

పాత_వాల్తేరు:
తప్పు కాదండీ. బెజవాడ–కటక్ లైను 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే తెరిచింది. 1901లో దక్షిణ భాగం మద్రాస్ రైల్వేకి, 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకి పోయాయి. రెండు కంపెనీల సరిహద్దు వాల్తేరు. ఆవిరి ఇంజను ఎలాగూ మార్చాల్సిన చోట బండి వెనక్కి తిరిగితే వచ్చే నష్టమేముంది? 1987లో పేరు విశాఖపట్నం అయింది, పట్టాల ఆకారం మాత్రం అదే.

జ్ఞానాపురం_గేటు:
నష్టం ఇప్పుడు మేం పడుతున్నాం కదా.

లోకో_లాబీ:
ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుందో తెలిసి మాట్లాడుకుందాం. ముందు యాంగిల్ కాక్‌లు, అంటే గాలి గొట్టాల కొసన ఉండే కుళాయిలు మూస్తారు. బ్రేకులకు గాలి అందించే బ్రేక్ పైపు, ఫీడ్ పైపు గొట్టాలు విప్పి, ఇంజను నుంచి పెట్టెలకు కరెంటు వెళ్తుంటే ఆ 750 వోల్టుల కేబుళ్ళు కూడా విడదీసి, అప్పుడు ఇంజనుని పెట్టెకు కలిపే కప్లర్ తీస్తారు. రెండో కొసన కొత్త ఇంజను తగిలాక గాలి నింపాలి. చదరపు సెంటీమీటరుకు బ్రేక్ పైపులో 5 కిలోలు, ఫీడ్ పైపులో 6 కిలోల ప్రెషర్. 22 ఎల్‌హెచ్‌బీ (కొత్తరకం పొడవాటి) పెట్టెలంటే ఇంజనుతో కలిపి అర కిలోమీటరు దాటిన పొడవు, గాలి చివరిదాకా చేరడానికి టైం పడుతుంది. గార్డు దగ్గర మీటరు 4.8 చూపించాలి. అప్పుడు డ్రైవరు ప్రెషర్ దించితే వెనక మీటరు కూడా పడిందా లేదా చూస్తారు. ఒక్క యాంగిల్ కాక్ తెరవడం మరిచిపోయినా అక్కడినుంచి వెనక పెట్టెలకు బ్రేకు పట్టదు. ఈ పరీక్ష దాన్ని పట్టుకోవడానికే. గొట్టం మూతిలో రబ్బరు వాషర్ చిరిగితే గాలి బుస్సుమని కారుతూనే ఉంటుంది, ప్రెషర్ ఎక్కదు. వాషర్ మార్చేసరికి ఆ ఇరవై కాస్తా ముప్పై.

మర్రిపాలెం_యార్డు:
నేనన్నదీ అదే! ఇంత తతంగం ఎందుకు?

లోకో_లాబీ:
మీరనేది అది కాదు. మీరు రివర్సల్‌ని, అంటే దిశ మార్చడాన్ని నిందిస్తున్నారు. మాల్దా టౌన్–బెంగళూరు అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్‌కి ముందూ వెనకా ఇంజన్లు ఉన్నాయి. అలాంటి బండికి ఇంజను విప్పే పనే లేదు, డ్రైవరు అటు కొసకు వెళ్తే చాలు. వందే భారత్‌కీ అంతే. దూరపు బళ్ళన్నిటికీ అలా పెడితే మీ అభ్యంతరం పోతుందా?

మర్రిపాలెం_యార్డు:
పోదు. ప్లాట్‌ఫారం ఆక్రమించడం, పట్టాలన్నీ కలిసే యార్డు గొంతులో ఎదురు బళ్ళకు అడ్డం పడటం ఉంటాయి. గోదావరి, గరీబ్ రథ్ బయల్దేరే సాయంత్రం వేళ ఒక్క బండి ఆలస్యంగా వచ్చినా వెనకవన్నీ ఆగుతాయి.

కూర్మన్నపాలెం:
గాజువాక, స్టీల్ ప్లాంటు వాళ్ళకి దువ్వాడే దగ్గర. నగరమంటే ఆర్టీసీ కాంప్లెక్సు ఒక్కటేనా?

పలాస_ప్యాసింజర్:
ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఒక్కరూ శ్రీకాకుళం మాట ఎత్తరేం? పలాస, సోంపేట నుంచి విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికి రోగిని తెచ్చేవాళ్ళు జనరల్ పెట్టెలో వస్తారు. బైపాస్ మీద పోయే బండి నగరాన్ని దాటించి దువ్వాడలో దింపుతుంది. స్ట్రెచర్ లేని మనిషిని రెండు నిమిషాల్లో దించి, పదిహేడు కిలోమీటర్లు వెనక్కి మోసుకురావాలి. మీ గోదావరి టైముకి కదలడం కోసం!

మర్రిపాలెం_యార్డు:
నన్ను రోగుల శత్రువుని చేయకండి. మీ ఊళ్ళ నుంచే చెన్నై పనులకు పోయేవాళ్ళు ఆ పెట్టెల్లోనే కిక్కిరిసి కూర్చుంటారు. బండి కదలక, ఫ్యాను గాలి చాలక ఇరవై నిమిషాలు ఉడికిపోయేది వాళ్ళు. వాళ్ళ టైముకి విలువ లేదా?

పలాస_ప్యాసింజర్:
వాళ్ళ పేరు చెప్పి ప్లాట్‌ఫారం మీరు తీసుకుంటున్నారు. స్టేషను మూడు జిల్లాలదా, ఇక్కడ ఎక్కేవాళ్ళదా? అది చెప్పండి ముందు.

పాత_వాల్తేరు:
గొడవ ఇంజను గురించి కాదని ఇప్పటికి తేలింది. రెండు ఊళ్ళ అవసరాలు ఒక్క ప్లాట్‌ఫారం మీద పడ్డాయి.

మర్రిపాలెం_యార్డు:
సరే, ఇక్కడ బయల్దేరే బళ్ళకే ముందు హక్కు అంటాను, దాచను. కానీ బైపాస్ బళ్ళకి పెందుర్తిలో ఐదు నిమిషాలు ఆపమనండి, నేనూ అడుగుతాను. నగరం దాటకముందే దిగుతారు.

పలాస_ప్యాసింజర్:
ఏ ప్లాట్‌ఫారం మీద? 22 పెట్టెల బండి పూర్తిగా పట్టాలి. జనరల్ పెట్టెలు రెండు కొసల్లో ఉంటాయి, అవే బయటికి మిగిలిపోతే మా వాళ్ళు కంకర మీదకి దూకాలి. అర్ధరాత్రి పెందుర్తి నుంచి కేజీహెచ్‌కి బండి కూడా చూపించండి. ఆ రెండూ అయ్యేదాకా, కనీసం రాత్రి బళ్ళు లోపలికే రావాలి.

మర్రిపాలెం_యార్డు:
రాత్రి బళ్ళకి ఒప్పుకుంటాను. సాయంత్రం వాటికి ఒప్పుకోను.