మే నెలలో మీ పెరట్లో ఏం పూస్తోంది? మా మల్లెకి మాత్రం ఆకులే!

పర్లాకిమిడి పెరడు (మే 17)
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి వెనక చిన్న పెరడు, మేడ మీద పాతిక కుండీలు. నా బాధంతా గుండుమల్లె గురించి. పెట్టి రెండేళ్లయింది. ఆకు నిగనిగలాడుతోంది, కొమ్మలు తీగల్లా సాగి పిట్టగోడ దాటాయి, మొగ్గలు మాత్రం ఈ సీజన్ మొత్తానికి ఏడు. ఎదురింటి ఒడియా ఆవిడ మల్లె చూస్తే సాయంత్రానికి పళ్లెం నిండుతుంది. ఆవిడ పెద్దగా పట్టించుకున్నట్టు కూడా కనపడదు. నేనేమో రోజుకి రెండు పూటలా నీళ్లు, బియ్యం కడుగు, వారానికోసారి పేడనీళ్లు. ఎండకి క్రోటన్లు మాడుతుంటే అన్నిటికీ కలిపి గ్రీన్ నెట్ కట్టించాను. ఇంకేం చెయ్యాలి?

అలాగే మీ ఇళ్లలో ఈ ఎండకి ఏవి పూస్తున్నాయో, ఏ ఆకులు నిలబడ్డాయో రాయండి. వీడియోల్లో చెప్పేవన్నీ హైదరాబాద్ బాల్కనీలకే సరిపోతున్నాయి.

బరంపురం కోడలు
అక్కా, జనవరిలో కత్తిరించారా? మల్లె పూసేది కొత్త చిగురు చివరన. పాత కొమ్మ ఎంత సాగినా ఆకులే. మా అత్తగారు సంక్రాంతి వెళ్లాక కొన్నాళ్లు నీళ్లు తగ్గించి, ఆకు దూసేసి, మోకాలి ఎత్తుకి కోసేస్తారు. పెళ్లయిన కొత్తలో అది చూసి ఈవిడకి చెట్టు మీద పగేమో అనుకున్నాను. మార్చి వచ్చేసరికి నోరు మూసుకున్నాను.

ఇంకోటి, నెట్ కింద మల్లె పూయదు. దానికి ఎండ కావాలి, ఎంత ఉంటే అంత.

సిరొంచ గట్టు
కోడలుగారు చెప్పింది కరెక్ట్. నెట్ తీసెయ్యండి. దాంతోపాటు నాలుగైదు రోజులు నీళ్లు పూర్తిగా బంద్ పెట్టండి. ఆకు కొంచెం వాలినాక నిండుగా పోయండి, మొగ్గ మస్తుగా వస్తది. మా ఇంట్లో ప్రతి ఏడు ఇదే పద్ధతి.

బల్లార్షా మేడ
అన్నా, ఆగు. నీ చెట్టు నేలలో ఉంది, అదీ గోదావరి ఒడ్డున. అక్కగారిది మేడ మీద కుండీ. మే నెలలో నాలుగు రోజులు నీళ్లు ఆపితే మొగ్గలు కాదు, పొయ్యిలోకి కట్టెలు వస్తాయి. మా దగ్గర 46 డిగ్రీలు మామూలు. మధ్యాహ్నం స్లాబ్ మీద చెప్పుల్లేకుండా రెండడుగులు వెయ్యలేం, ఆ స్లాబ్ మీదే కుండీ కూర్చుని ఉంటుంది. నేను ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి, నల్ల ప్లాస్టిక్ కుండీలకి బయట సున్నం కొట్టాను. చూడ్డానికి సమాధుల్లా ఉన్నాయని మా ఆవిడ నవ్వుతుంది, కానీ వేళ్లు ఉడకడం ఆగింది.

సాయంత్రం పైపు తిప్పగానే వచ్చే నీళ్లు కుండీలో పోయకండి. పైపులో ఎండకి కాగిన నీళ్లవి. కాసేపు వదిలేసి, చేతికి చల్లగా తగిలాక పోయండి.

సిరొంచ గట్టు
ఒప్పుకుంటున్నా. నేల చెట్టు లెక్క కుండీకి చెప్పిన. అక్కా, నా మాట వినకండి.

గుణుపురం మాస్టారు
అమ్మా, మీ మల్లెకి జబ్బేమీ లేదు, తిండి ఎక్కువైంది. పేడనీళ్లలో నత్రజని ఉంటుంది, అది ఆకుని పెంచుతుంది. దానికి నీడ, రెండు పూటలా తడి తోడయ్యాయి. ఇంత సుఖంలో ఉన్న చెట్టుకి పూయాల్సిన తొందరేముంది? కాగితంపూల చెట్టు కూడా అంతే. బాగా చూసుకున్న ఇంట్లో పచ్చగా ఉంటుంది, తాళం వేసిన ఇంటి గోడ మీద విరగబూస్తుంది.

ఇప్పుడు జనవరి కోత కొయ్యకండి, ఎండకి తట్టుకోదు. సాగిన రెమ్మల చివర్లు జానెడు చొప్పున తుంచండి. పేడనీళ్లు ఆపండి. నెట్ క్రోటన్లకే ఉంచండి. పొద్దున్న ఒకపూట నిండుగా నీళ్లు పోయండి, కుండీ అడుగు నుంచి కారేదాకా. సాయంత్రం మట్టిలోకి వేలు రెండు కణుపులు దింపి చూసి, పొడిగా ఉంటేనే రెండోసారి.

మీ ఎదురింటావిడ పట్టించుకోదన్నారు. ఆవిడ తులసికోట మీద ఏమైనా వేలాడుతోందేమో చూశారా?

పర్లాకిమిడి పెరడు
మాస్టారూ, మీకెలా తెలిసింది! చిన్న మట్టికుండ వేలాడదీసింది. అడుగున చిల్లు, అందులోంచి దర్భ లాంటిది. చుక్క చుక్క పడుతూ ఉంటుంది.

గుణుపురం మాస్టారు
దాన్ని బసుంధరా ఠేకి అంటారు. మేష సంక్రాంతి నాడు, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో, వాళ్లు పొణా సంక్రాంతి చేసుకుంటారు కదా, ఆ రోజు కట్టి నెలంతా ఉంచుతారు. మన శివాలయంలో లింగం మీద ధారాపాత్ర ఉన్నట్టే. ఇప్పుడు డ్రిప్ అని డబ్బు పోసి పెట్టుకుంటున్నదాన్ని వాళ్లు తులసికి ఎప్పట్నుంచో చేస్తున్నారు. నేను పాత కుండలు నాలుగు సంపాదించి కనకాంబరాలకీ, కరివేపాకుకీ కట్టాను. చిల్లులో దర్భ లేకపోతే నూలు వత్తి చాలు. రెండు రోజులు ఊరెళ్లినా బెంగ ఉండదు.

కొరాపుట్ చలి
మీ అందరి వేడి చదువుతుంటే ఇక్కడ పుట్టినందుకు సంతోషంగా ఉంది 😄 మా ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, మేలో కూడా రాత్రి దుప్పటి కప్పుకునే రోజులుంటాయి. మా గుమ్మం పక్కన హైడ్రేంజియా నీలంగా పూస్తోంది. మా ఎర్రమట్టిలో పులుపు గుణం ఎక్కువ, అందుకే నీలం. అదే మొక్క అంటు విశాఖలో మా పిన్ని ఇంట్లో గులాబీ రంగుకి తిరిగింది, నేను మోసం చేశానని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మాకు వేరే కష్టం. సాయంత్రం గాలివానతో వడగళ్లు పడతాయి. పోయిన నెల పది నిమిషాల వానకి కలాడియం ఆకులన్నీ జల్లెడలయ్యాయి. కానీ దుంప బతికే ఉంది, మళ్లీ చిగుళ్లు వేసింది. క్రొత్తగా పెంచేవాళ్లకి చెప్పేది, కలాడియం చలికాలంలో ఆకు మొత్తం రాల్చేస్తుంది. చచ్చిందని కుండీ బోర్లించకండి.

క్రోటన్ సంగతి: నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే మాడుతుంది. చిన్నప్పట్నుంచి ఎండలో ఉన్నది మాడదు, పైగా రంగు బాగా తేలుతుంది. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కానీ కొత్త ఆకు వచ్చేదాకా దాన్ని కొయ్యకండి. కొమ్మకి అదే గొడుగు.

రాయగడ కొత్త మాలి
కలాడియం మాట చదివి గుండె గుభేలుమంది. నాకు ఇలాగే మే పువ్వు దుంప ఉండేది, ఎర్రగా బంతిలా పూసేది. డిసెంబరులో ఆకు ఎండిపోతే చచ్చిందనుకుని మట్టితో సహా పారబోశాను. పోయినట్టేనా?

గుణుపురం మాస్టారు
పారబోసింది పెరట్లోనే అయితే ఒకసారి వెళ్లి చూడు బాబూ. అది చలికాలమంతా నిద్రపోయి, ఏప్రిల్, మే నెలల్లో తొలి జల్లు పడగానే ఆకు కంటే ముందు కాడ పైకి తోస్తుంది. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. దాన్ని కదపకుండా వదిలేస్తే పిల్లదుంపలతో గుంపు కడుతుంది.

రాయగడ కొత్త మాలి
మాస్టారూ!! పెంటకుప్ప పక్కన రెండు పూసి ఉన్నాయి. నేను ఆ వైపు వెళ్లక చూళ్లేదు.

ధర్మాబాద్ నల్లరేగడి
మాది నాందేడ్ జిల్లా. నల్లరేగడి, వేసవిలో పగుళ్లలో చెయ్యి దూరుతుంది. మందారానికి లేత ఆకులు పసుపుగా పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలేవి. నీళ్లు చాలట్లేదని ఇంకా పోశాను, ఇంకా పాలిపోయింది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకి అందదట, నీరు నిలిస్తే మరీ అందదట. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీళ్లలో కలిపి వారం ఎడంతో మూడుసార్లు ఆకుల మీద కొట్టాను. కొత్త ఆకులు మామూలుగా వచ్చాయి. అప్పటికప్పుడు కలిపి, ఎండ చల్లబడ్డాకే కొట్టండి.

చల్లబడ్డాకే అని ఎందుకంటున్నానంటే, పోయినేడు మల్లెకి ఎర్రనల్లి పట్టింది. ఆకు మీద సన్నగా సూది గుచ్చినట్టు చుక్కలు, అడుగున సాలెగూడులా పీచు. మందుల కొట్టులో గంధకం ఇచ్చారు. నేను పదకొండు గంటల ఎండలో కొట్టాను. నల్లి చచ్చింది, సగం ఆకు కూడా చచ్చింది. గంధకం గానీ వేపనూనె గానీ ఈ ఎండల్లో పొద్దుగుంకాకే. అసలు మొదట్లో చూస్తే మందే అక్కర్లేదు, ఆకు అడుగుభాగాన్ని రోజూ పైపు ధారతో కడిగితే చాలావరకు పోతుంది. నల్లికి పొడి వేడి ఇష్టం, తడి పడదు.

బల్లార్షా మేడ
కడగడం మాకు ఎలాగూ తప్పదు. గనుల వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ముకి తెల్ల నందివర్ధనం బూడిదరంగు పూసినట్టుంటుంది. వారానికి రెండుసార్లు ఆకు తుడవకపోతే మొక్క ఊపిరాడనట్టు ముడుచుకుంటుంది.

తుడిచే మాట వచ్చింది కాబట్టి నా తెలివి ఒకటి చెప్తాను. వేసవిలో మా ఇళ్లలో ఇరవైనాలుగ్గంటలూ కూలర్ తిరుగుతుంది. అడుగు తొట్టి కడిగినప్పుడు ఆ నీళ్లు పారబోయడం ఎందుకని అరెకా పామ్‌కి పోశాను. నెలలో ఆకు కొసలన్నీ కాల్చినట్టయ్యాయి, మట్టి మీద తెల్లటి పొర. కూలర్‌లో నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు కదా. బోరు నీళ్లు రోజూ నింపుతూ ఉంటే అడుగున మిగిలేది ఉప్పునీళ్లే. ఏసీ పైపు నుంచి కారేది వేరు, అది గాలిలోని తేమ, అందులో ఉప్పు ఉండదు. కుండీని మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కారేదాకా కడిగితే కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది.

మా దగ్గర గట్టివాళ్ల లిస్టు: బిళ్లగన్నేరు, నాచుపూలు, గన్నేరు. నాచుపూలు మధ్యాహ్నం రెండింటికి కూడా నవ్వుతూ ఉంటాయి, సిగ్గులేదు వాటికి.

సిరొంచ గట్టు
గన్నేరు పెట్టేవాళ్లు మేకలు, పశువులు తిరిగే వైపు పెట్టకండి. ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. కత్తిరించిన రెమ్మలు కూడా బయట పడెయ్యొద్దు. ఎండినాక కూడా విషం పోదు.

కానీ దాని మొండితనం వేరు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగినప్పుడు మా పెరడు మునిగింది. నీళ్లు తీసినాక బురద, వాసన, అంతా పోయిందనుకున్నం. మల్లె, గులాబీ పోయినయి. గన్నేరు, నందివర్ధనం దసరాకి చిగురు పట్టినయి. ఇప్పుడున్న మల్లె దాని తర్వాత పెట్టిందే.

బరంపురం కోడలు
రాధామనోహరం ఎవరూ చెప్పలేదేంటి? మా వీధి గేటు మీద ఇప్పుడు అదే. సాయంత్రం విచ్చినప్పుడు తెలుపు, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు. మా పాప మూడు రకాల చెట్లనుకునేది. మొదటి రాత్రి వాసన ఎక్కువ, చిమ్మెటలు వచ్చి వాలతాయి. ఒక్కటే జాగ్రత్త, గోడ మీద వదిలారంటే పక్కింటి వాళ్ల టీవీ వైరు దాకా పోతుంది. పూత అయ్యాక గట్టిగా కొయ్యాలి.

బ్రహ్మకమలం ఎవరింట్లోనైనా మొగ్గ వేసిందా? మాది ఆకు అంచుకి చిన్న మొగ్గ వచ్చి రాలిపోయింది.

కొరాపుట్ చలి
మా ఇంట్లో జూలైలో పూస్తుంది, రాత్రి పదికి మొదలై తెల్లారేసరికి వాలిపోతుంది. ఫొటో తీసి పెడతాను. అది కాక్టస్ జాతి, హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం వేరు అని మా ఆయన ప్రతిసారీ హారతి ఇస్తున్నప్పుడే చెప్తారు.

పర్లాకిమిడి పెరడు (జూన్ 22)
చాలా రోజులకి వచ్చాను, ఏమీ అనుకోకండి. మాస్టారు చెప్పినట్టే చేశాను. మల్లె కుండీని నెట్ బయటికి లాగి, కింద ఇటుకలు పెట్టి, చివర్లు తుంచాను. పేడనీళ్లు బంద్. మొదటి వారం ఆకులు కొన్ని పసుపై రాలాయి, టెన్షన్ పడి మళ్లీ నెట్ కిందకి తోసేద్దామనుకున్నాను. రోహిణి కార్తెలో అయితే ఇటుకలే పగులుతాయేమో అన్నంత ఎండ. పైన కొబ్బరి పీచు పరిచి ఓపిక పట్టాను.

ఎదురింటావిడని అడిగేశాను. ఆవిడ రహస్యం ఏమీ లేదు. శివరాత్రికి ముందు వాళ్లాయన కోసేస్తాడట, తర్వాత ఎరువు వెయ్యరట, అంతే. ఠేకి మాత్రం నాకూ ఒకటి ఇచ్చింది.

మొన్న క్రోటన్లు పెద్ద కుండీల్లోకి మారుద్దామని పార పట్టుకుంటే ఆవిడే గోడ మీంచి కేకేసింది. రొజొ పండగ మూడు రోజులు భూమి తల్లికి విశ్రాంతి, తవ్వకూడదట. సరేనని ఆగాను. నాలుగోనాటికి మంచి వాన పడి మట్టి మెత్తబడింది, ఒక్క మొక్క కూడా వాడకుండా మారాయి.

ఇక మల్లె. నిన్న సాయంత్రం లెక్కపెడితే పదిహేడు మొగ్గలు. పళ్లెం తేవడానికి కిందికి వెళ్లి వచ్చేసరికి మా అమ్మాయి పద్నాలుగు తుంపి జడలో పెట్టేసింది.

బరంపురం కోడలు
మిగతా మూడు దేవుడికి పెట్టండి. జనవరిలో గుర్తు చేస్తాను, కత్తెర దాచుకోండి.