ఏడు కుక్కపిల్లలకి ఏడు గోదావరి పాయల పేర్లు పెట్టొచ్చా?

కొబ్బరిమట్ట: మాది రాజోలు దగ్గరండి. పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట వెనక ఊరకుక్క ఏడు పిల్లల్ని పెట్టింది. నెల నిండింది. ఏడు కదా అని సప్త గోదావరుల పేర్లు అనుకున్నాం: తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ. మా అత్తగారు మాత్రం మొహం మాడ్చుకుని తిరుగుతున్నారు. మీరేమంటారు?

లాకులదగ్గర: వైనతేయ ఏదండీ?

కొబ్బరిమట్ట: అది ఏడింటి లెక్కలోకి రాదండి.

కాలవగట్టు: పుష్కరాల్లో మునిగి దణ్ణం పెట్టే పేరుతో రేపు కుక్కని "ఛీ, పో" అంటారా? అవి చాలావరకు ఋషుల పేర్లు. గౌతమి అనే ఆడపిల్లలు కోనసీమలో ఎంతమంది లేరు? టామీ, జూలీ అని పెట్టుకోండి.

పంటురేవు: జూలీ అనే మనుషులు మాత్రం లేరా గురువుగారూ? పైగా వృద్ధగౌతమీ అని పూర్తిగా పిలిచేలోపు అది వీధి దాటేస్తుంది. రెండక్షరాలు చాలు.

లాకులదగ్గర: లెక్కలోకి రాకపోవడం ఏంటండీ! పి.గన్నవరం దగ్గర వసిష్ఠలోంచి చీలి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసేది మరేంటి? అక్కడి అక్విడెక్టు వంతెన మీద నిలబడి చూడండి. మీరు తుల్యలో ఎప్పుడైనా పడవెక్కారా?

కొబ్బరిమట్ట: కాలవగట్టు గారూ, కుక్కంటే అంత చులకన ఎందుకండీ? మన రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన భారతంలో, ఆదిపర్వంలోనే సరమ ఉంది. దేవతల కుక్క. తన పిల్లని ఊరికే కొట్టారని జనమేజయుణ్ణే నిలదీసింది. ఆ పిల్లకీ పేరుంది, సారమేయుడని.

కాలవగట్టు: నాకు భారతం చెప్పకండి. బోదె నీళ్ళ గొడవలో మా పక్కచేను ఆయన తన కుక్కకి మా నాన్న పేరు పెట్టాడు. రోజూ పొద్దున్నే మా గుమ్మం వైపు తిరిగి, ఆ పేరుతో తిట్టి తిట్టి అన్నం పెట్టేవాడు. నాన్న పోయాక కూడా ఆ కుక్క మూడేళ్ళు బతికింది.

కొబ్బరిమట్ట: అయ్యో. ఆయన పగతో పెట్టారండి. మేం ముద్దుగా పెడుతున్నాం.

కాలవగట్టు: ముద్దు ఎన్నాళ్ళు? ఏడింట్లో ఆడవెన్నో చెప్పలేదేం?

కొబ్బరిమట్ట: ఐదు.

కాలవగట్టు: అదీ సంగతి. మగ రెండింటినీ ఎవరో పట్టుకెళ్తారు. ఆ ఐదూ గోనెసంచిలో సంత దగ్గరికి. మా ఊళ్ళో ఎప్పుడూ చూసేదే. గౌతమిని సంతలో వదిలేసొచ్చామని చెప్పుకుంటారా?

కొబ్బరిమట్ట: మేం అలాంటివాళ్ళం కాదు. మాట జాగ్రత్త.

పంటురేవు: ఆయ్, మెల్లిగా మెల్లిగా.

కొబ్బరిమట్ట: ఇప్పుడే అత్తగారిని అడిగాను. ఋషులూ లేదు, ఏమీ లేదు. పేరు పెడితే ఇక వదలబుద్ధి కాదని ఆవిడ టెన్షనట. మగవి రెండూ ఎదురింటివాళ్ళు అడిగేశారు. ఆడవాటి ఊసు ఎవరూ ఎత్తలేదు.

కాలవగట్టు: ఆవిడకి తెలుసు. ముందు తల్లికి ఆపరేషన్ చేయించండి. పిల్లలకి మూడో నెల రాగానే రేబిస్ టీకా. పేర్ల సంగతి తర్వాత.

లాకులదగ్గర: ఆడదాన్ని ఒకదాన్ని నాకివ్వండి. వైనతేయ అని పెట్టుకుంటాను.

పంటురేవు: వైనతేయుడంటే గరుత్మంతుడు కదండీ, ఆడపిల్లకెలా పెడతారు?

లాకులదగ్గర: నది ఆడదే.