బీకాం తరువాత విదేశాల్లో ఫైనాన్స్ మాస్టర్స్: గణితం లోటు పూడ్చుకోవడం ఎలా?

ప్రశ్న (బీకాం విద్యార్థి, హైదరాబాదు)

నమస్కారం. నేను బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇంటర్‌లో ఎంఈసీ తీసుకున్నాను. గణితం అక్కడితోనే ఆగిపోయింది. సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషకుల వృత్తి అర్హత) మొదటి లెవెల్ పాసయ్యాను. అమెరికాలోని ప్రిన్స్‌టన్, బరూక్, బ్రిటన్‌లోని ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్), ఆక్స్‌ఫర్డ్‌లకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. మాస్టర్స్ ప్రవేశాలకు రాసే జీఆర్ఈ పరీక్షలోని క్వాంట్ (గణితం) విభాగంలో 170కి దగ్గరగా మార్కులు వస్తే గణితం చదవలేదన్న లోటు తీరుతుందా?

జవాబు 1 (బ్యాంకు రిస్క్ విభాగ ఉద్యోగి, లండన్)

తీరదండీ. జీఆర్ఈ క్వాంట్‌లో కాల్క్యులస్ అసలు ఉండదు కాబట్టి, 170కి 170 వచ్చినా మీకు పాక్షిక అవకలన సమీకరణాలు (కాల్క్యులస్‌లో పై స్థాయి అంశం) అర్థమవుతాయో లేదో విశ్వవిద్యాలయాల వారికి తెలియదు. పైగా మీ జాబితాలో రెండు వేర్వేరు రకాల కోర్సులు కలిసిపోయాయి. బరూక్‌లోని ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ పేరుకు ఫైనాన్స్ అయినా ప్రధానంగా గణితం, ప్రోగ్రామింగ్. ప్రిన్స్‌టన్‌లోని రెండేళ్ల కోర్సుకు కూడా లీనియర్ ఆల్జీబ్రా, బహుచరరాశుల కాల్క్యులస్, సంభావ్యత బాగా వచ్చి ఉండాలి. ఆక్స్‌ఫర్డ్‌లో సైద్ బిజినెస్ స్కూలు, అర్థశాస్త్ర విభాగం కలిసి నడిపే 9 నెలల ఫైనాన్షియల్ ఎకనామిక్స్ కోర్సు మాత్రం ఆస్తుల ధరల నిర్ణయం, కార్పొరేట్ ఫైనాన్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక సమాచారాన్ని గణాంక పద్ధతులతో విశ్లేషించడం) చుట్టూ తిరుగుతుంది. అక్కడా పోటీ తీవ్రమే గానీ, మీ నేపథ్యానికి అది దగ్గర. అమెరికాలో మూడేళ్ల డిగ్రీని కొన్ని విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి, కొన్ని అంగీకరించవు. జీఆర్ఈ రుసుము కట్టక ముందే ఆ సంగతి తేల్చుకోండి.

జవాబు 2 (గణితం ప్రధానమైన క్వాంట్ ఫైనాన్స్ విద్యార్థిని, న్యూయార్క్)

ఎంఈసీలో అవకలనం, సమాకలనం, మాత్రికలు చదివే ఉంటారు కనుక పునాది ఉన్నట్టే. దాని మీద ఎన్‌పీటీఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత కోర్సులు చేసి, వీడియోలు చూసి వదిలేయకుండా పరీక్షా కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయండి. ఇలినాయ్ విశ్వవిద్యాలయపు నెట్‌మ్యాథ్ (ఆన్‌లైన్ గణిత కోర్సులు) ద్వారా క్రెడిట్లతో చదివితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద గ్రేడ్ కూడా ఉంటుంది, కాకపోతే ఖర్చు ఎక్కువ.

క్వాంట్ కోర్సుల ఇంటర్వ్యూలలో ఇలాంటి ప్రశ్నలు వస్తాయి: వరుసగా రెండు బొమ్మలు పడేదాకా నాణెం ఎగరేస్తే సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి? జవాబు 6. ఆ అంకె కంఠస్థం చేసి వెళ్లేవారు చాలామందే ఉంటారు. బొరుసు పడగానే ఆట మళ్లీ మొదటికి వస్తుందని గుర్తించి మీరు సమీకరణం ఎలా రాస్తారన్నదే వారు చూస్తారు.

జవాబు 3 (కామర్స్ అధ్యాపకుడు, విజయవాడ)

సిఫారసు లేఖల గురించి ఒక మాట. విద్యార్థి తానే రాసి తెచ్చిన "క్రమశిక్షణ గలవాడు, సమయపాలన పాటిస్తాడు" అన్న కాగితం మీద సంతకం పెట్టడం మన కళాశాలల్లో మామూలైపోయింది. నిఫ్టీ బ్యాంకు షేర్ల రాబడుల మీద రిగ్రెషన్ (ఒక అంశం మరికొన్నిటిపై ఎలా ఆధారపడుతుందో అంచనా వేసే గణాంక పద్ధతి) చేసి, ఫలితాలు ఎందుకు అలా వచ్చాయో మీ అధ్యాపకుల ముందు వివరించండి. అప్పుడు లేఖలో రాయడానికి ఆయనకూ ఏదో ఒకటి ఉంటుంది.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఈ ఏడాదికి ఎల్ఎస్ఈ, ఆక్స్‌ఫర్డ్ మాత్రమే ఉంచుకుంటాను. ఎన్‌పీటీఎల్‌లో మొదట సంభావ్యత తీసుకోవాలా, లీనియర్ ఆల్జీబ్రా తీసుకోవాలా?

జవాబు 2 నుంచి

లీనియర్ ఆల్జీబ్రా. ఎకనామెట్రిక్స్ అంతా మాత్రికల భాషలోనే ఉంటుంది.